చిన్నకోడలి వైపు నుంచి

పోయిన వారం బాపట్లలో మా వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. చేతులు పనిలో ఉన్నంతసేపూ చెవులకి కూడా ఏదో ఒక పని ఇవ్వడం రిటైరైన దగ్గర్నుంచీ నాకు అలవాటు. పాత నవలలు చదివి వినిపించే ఛానల్ ఒకటి ఫోన్లో తనంతట తానే మొదలైంది. "ఈ రోజు మనం వినబోయేది ఉమ్మడి కుటుంబం విలువ చాటిచెప్పిన అపురూపమైన నవల, ఉమ్మడి దీపం" అన్నాడు చదివే అబ్బాయి. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. అతని గొంతు బాగానే ఉంది. అత్తగారి మాటలు మెత్తగా, పెద్దకోడలివి వినయంగా, పెద్దకొడుకువి గంభీరంగా చదివాడు. చిన్నకోడలి దగ్గరకొచ్చేసరికి మాత్రం ముక్కుతో, కీచుగా, మాడిన పెనాన్ని అట్లకాడతో గీకినట్టు చదివాడు. కింద వినేవాళ్ళు రాసినవి చూశాను. "ఇలాంటిది ఒక్కతి చాలు కొంప కూలడానికి" అని ఒకాయన. "మా తోడికోడలు అచ్చం ఇంతే" అని ఒకావిడ. ఆ మాటకి బోలెడన్ని చప్పట్ల బొమ్మలు.

చిక్కుడుకాయలు పక్కన పడేసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ ఛానల్‌వాళ్ళకి పెద్ద ఉత్తరం రాశాను. అయ్యా, ఈ నవల్లో సన్నివేశాలనే చిన్నకోడలి వైపు నుంచి మా పిన్ని రాసిన పుస్తకం ఒకటి నా దగ్గరుంది, మీరు అదీ చదివి వినిపిస్తే న్యాయంగా ఉంటుంది, పంపమంటారా అని. మధ్యాహ్నానికల్లా జవాబొచ్చింది. "నమస్తే మేడమ్. మీరు చెప్పేదాన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. మేము ఒరిజినల్స్ మాత్రమే చదువుతామండి." చివర ఒక నవ్వు బొమ్మ. ఫ్యానట! మా పిన్ని ఆ నవలకి అభిమాని అయిపోయిందట! ఆ పూట అన్నంలోకి చిక్కుడుకాయ కూర లేదు, మా ఆయన పచ్చడితో సరిపెట్టుకున్నారు. ఆయన తప్పేమీ లేకపోయినా ఆ పూట ఆయన మీద కూడా కాస్త కోపంగానే ఉన్నాను.

సంగతేమిటంటే, ఆ నవల రాసింది మా పిన్ని బావగారు. పిన్ని మా అమ్మ చెల్లెలు. ఆవిణ్ణి తెనాలిలో పెద్ద ఇంట్లో చిన్నబ్బాయికి ఇచ్చారు. ఆయన నాకు బాబాయి. బాబాయి అన్నగారు తెలుగు పండితుడు, రచయిత, సభల్లో శాలువాలు కప్పించుకునే మనిషి. ఆయన్ని నేను పెదనాన్నగారు అనేదాన్ని. పెళ్ళైన ఎనిమిదేళ్ళకి పిన్నీ బాబాయీ ఆ ఇంట్లోంచి బయటికొచ్చి రేపల్లెలో కాపురం పెట్టారు. బాబాయికి అక్కడే కాలవల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. వాళ్ళు వెళ్ళిన మరుసటేడు పెదనాన్నగారి నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా రావడం మొదలైంది. వసారా, దొడ్లో నుయ్యి, ఆవకాయ జాడీల గది, అన్నీ ఆ ఇల్లే. చల్లని తల్లి లాంటి అత్తగారు, ఓర్పుగల పెద్దకోడలు, ఇంటి బరువంతా మోసే పెద్దకొడుకు, వీళ్ళ మధ్యకొచ్చి దీపం ఆర్పేసిన చిన్నకోడలు. అందరికీ చక్కని పేర్లు పెట్టాడాయన. ఆఖరికి గేదెకి కూడా పేరుంది. చిన్నకోడలికి మాత్రం లేదు. మూడొందల పేజీల్లోనూ ఆవిడ "చిన్నకోడలే".

అది ఎవరో చుట్టాలందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. పెళ్ళిళ్ళకి పిన్ని వస్తే ఆడవాళ్ళు కాస్త పక్కకి జరిగి కూర్చునేవారు. ఒకసారి పొన్నూరులో పెళ్ళిపందిట్లో, ఎవరో తెలియని ఆవిడ ప్రత్యేకంగా వచ్చి పిన్నిని ఎగాదిగా చూసి, "ఈవిడేనా?" అని పక్కావిణ్ణి అడిగి వెళ్ళిపోయింది. జూలో జంతువుని చూసినట్టు. పిన్ని తలొంచుకుని పెరుగన్నం తిన్నది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. పిన్ని పక్కనే కూర్చున్నాను. ఏమీ అనలేదు. అనేంత తెలివీ లేదు. ఎందుకంటే ఆ సీరియల్ నేనూ వారం వారం చదువుతున్నాను, చిన్నకోడలి మీద పళ్ళు నూరుకుంటున్నాను.

ఇంకా సిగ్గుపడే సంగతి చెప్పాలి. బాపట్ల కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు, మాకు ఆ నవల ఉపవాచకంగా పెట్టారు. దాని మీద వ్యాసరచన పోటీ జరిగితే నాకు మొదటి బహుమతి వచ్చింది. చిన్నకోడలి అసూయ ఉమ్మడి కుటుంబాన్ని ఎలా కాల్చి బూడిద చేసిందో తొమ్మిది పేజీలు రాశాను. ఉపమానాలు కూడా దట్టించాను. ఆ సెలవుల్లో రేపల్లె వెళ్తే, వ్యాసం దేని మీదో తెలియని బాబాయి సంతోషంగా దాన్ని పెద్దగా చదవమన్నాడు. సగంలో ఆయన మొహం మారిపోయింది. నేను ఆపలేదు, బహుమతి వచ్చిన వ్యాసం కదా. పిన్ని పులిహోర కలుపుతూ చివరిదాకా వింది. ఆఖర్న నా ముందు పళ్ళెం పెట్టి, "బాగా రాశావే. చేతిరాత కూడా కుదిరింది. ఆ పిల్లనెవరూ ఏమీ అడగలేదా మరి?" అంది.

"ఏ పిల్లని?"

"అదే, ఆ చిన్నకోడల్ని. ఇన్ని పేజీల్లో ఆ పిల్ల నోరు విప్పింది పద్నాలుగుసార్లు. లెక్కపెట్టాన్లే. ప్రతిసారీ ఎవరో ఒకరు వసారాలో కూర్చుని విన్నారు. వంటింట్లోకొచ్చి చూసినవాడు ఒక్కడూ లేడు."

ఆవిడ కోపంగా అనుంటే బాగుండేది, కొసరి వడ్డిస్తూ అన్నది.

ఆ తర్వాత ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు. నేను ఎం.ఏ. చదివి, మా కాలేజీలోనే తెలుగు లెక్చరర్‌గా చేరాక ఒకసారి వెళ్తే, బియ్యం డబ్బా వెనకనుంచి పొడుగాటి నోట్సు పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. నవల్లో సన్నివేశాలు. ఆవిడకి ఒక పట్టుదల ఉంది. నవల్లో చిన్నకోడలు అన్న మాట ఒక్కటీ మార్చకూడదు. అక్షరం కలపకూడదు, తీయకూడదు. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల ఎక్కడ నిలబడింది, ఏం చూసింది, ఎవరితో అన్నది, అంతవరకే రాయాలి. "ఆయన రాసింది ఆయన విన్నది. అబద్ధమని నేననను. నేను రాసేది ఆ పిల్ల చూసింది" అంది. ముందు చేసిన పని ఆ పిల్లకి పేరు పెట్టడం. అనసూయ. అసూయ లేనిది అని అర్థం. నా తొమ్మిది పేజీల వ్యాసం గుర్తొచ్చి, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇది నీ కథేగా పిన్నీ?" అన్నాను.

"కాదు. నా కథ నేనెందుకు రాస్తాను, ఎవరిక్కావాలి? ఇది అనసూయ కథ. ఆయన దాన్ని పుట్టించి వసారా చివర వదిలేశాడు. నేను లోపలికి తెచ్చుకున్నా."

ఆ నోట్సు చూసిన ఉత్సాహంలో నేనొక పని చేశాను. మా కాలేజీలో ఇంటర్నల్ పరీక్షకి, అప్పటికీ ఉపవాచకంగానే ఉన్న ఆ నవల్లోంచి ఆవకాయ జాడీ పగిలిన సన్నివేశాన్ని చిన్నకోడలి మాటల్లో రాయమని ప్రశ్న ఇచ్చాను. ప్రిన్సిపాల్‌గారు పిలిపించి, గైడులో లేని ప్రశ్నలు ఇస్తే పిల్లలు బెంబేలెత్తిపోతారండి అని మందలించారు. నిజానికి బెంబేలెత్తింది గైడు. నిజాంపట్నం వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకమ్మాయి, ఎప్పుడూ అత్తెసరు మార్కుల మనిషి, నాలుగే వాక్యాలు రాసింది. చివరి వాక్యం ఇప్పటికీ నోటికొచ్చు: "జాడీ పగిలితే అందరూ జాడీ గురించే మాట్లాడారు, నా కాలికి పెంకు గుచ్చుకుందేమోనని ఎవరూ చూడలేదు." ఇరవైకి ఇరవై వేశాను. దానికీ మందలింపు వచ్చింది.

నవలకి పాతికేళ్ళు నిండినప్పుడు తెనాలిలో సభ పెట్టారు. ఒక ఆదివారం పొద్దున, స్టేషన్‌కి దగ్గర్లో ఒక హాలు. కుటుంబ సభ్యులంతా తప్పకుండా రావాలని పెదనాన్నగారు కార్డులు పంపారు. పిన్ని రాదనుకున్నాను. బాబాయితో కలిసి రేపల్లె ప్యాసింజర్లో దిగింది, గంజి పెట్టిన నేతచీర, చేతిలో గుడ్డసంచి. ముందు వరసలో కూర్చోబెట్టారు. ఉపన్యాసాలు గంటన్నర సాగాయి. ఒకాయన చిన్నకోడల్ని ఇంటికి పట్టిన చెదతో పోల్చాడు. ఇంకొకాయన అందులోనే ఏదో కొత్తదనం చూపించాలని గ్రహణంతో పోల్చాడు. పిన్ని కదల్లేదు. చివరికి సభ నడిపే ఆయన ఉత్సాహం పట్టలేక, మైకులో నవ్వుతూ, "నవల్లో చిన్నకోడలికి మూలమైనవారు కూడా ఈ హాల్లోనే ఉన్నారని విన్నాం, మనం కాస్త జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు. హాలంతా నవ్వు. పెదనాన్నగారూ నవ్వారు.

పిన్ని లేచి మెట్లెక్కింది. సభ నడిపే ఆయన కంగారుగా అడ్డమొచ్చి, "అమ్మా, మీ ప్రసంగం కార్యక్రమంలో లేదండి" అన్నాడు.

"కార్యక్రమంలో లేనిదాని పేరు మైకులో ఎత్తింది మీరే కదా బాబూ. ఐదు నిమిషాలు."

సంచిలోంచి నోట్సు తీసింది. అందరికీ తెలిసిన జాడీ సన్నివేశం. నవల్లో అది ఇలా ఉంటుంది: వసారాలో పేపరు చదువుకుంటున్న పెద్దకొడుక్కి లోపల జాడీ పగిలిన చప్పుడు, వెంటనే చిన్నకోడలి పొగరుమోతు మాట వినపడతాయి. ఆ ఇంట్లో మొదటి బీట ఆ జాడీదే అని అధ్యాయం ముగుస్తుంది. పిన్ని చదివింది ఇది.

"అనసూయ పొద్దున్నుంచి ముక్కలకి ఆవపిండి, కారం కలిపింది. అరచేతులు భగభగమంటున్నాయి. జాడీ తనే తెస్తానంది అత్తగారు. డెబ్బై దాటిన మనిషి. ఎత్తలేవు అంటే ఒప్పుకోదు. గడప దగ్గర చెయ్యి వణికింది. జాడీ జారింది. అత్తగారు పెంకుల వంక చూడలేదు, వసారా వంక చూసింది, కొడుకులు విన్నారేమోనని. తన చేతుల్లో పట్టు పోయిందని వాళ్ళకి తెలియకూడదు. తెలిస్తే రేపట్నుంచి ఇంటి తాళాలు ఇంకొకరి కొంగుకి వెళ్తాయి. అప్పుడు అనసూయ వసారాలోకి వినపడేలా గట్టిగా అంది. పగిలితే పగిలింది, లోకంలో ఇంకో జాడీ లేదా ఏంటి? వసారాలో పేపరు కిందికి దిగింది. కాసేపటికి మళ్ళీ పైకి లేచింది. అత్తగారు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కారానికి ప్రాణం పోయినట్టనిపించింది. అనసూయ చెయ్యి విడిపించుకోలేదు."

అంతే. నోట్సు మూసింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ముందు వరసలో మా పెద్దమ్మ, అంటే పెదనాన్నగారి భార్య, నవల్లో ఓర్పుగల పెద్దకోడలు, లేచి నిలబడింది. నలుగురిలో ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "నేను గుమ్మం పక్కనే ఉన్నానండి. పెంకులు ఎత్తింది నేనే" అని, ఎవరి వంకా చూడకుండా మళ్ళీ కూర్చుంది. వెనక వరసల్లో ఆడవాళ్ళెవరో చప్పట్లు మొదలుపెట్టారు.

పెదనాన్నగారు మైకు అందుకున్నారు. ఇప్పుడైనా ఒక్క మాట అంటారని ఎదురుచూశాను. ఆయన గొంతు సవరించుకుని, "రచయితకి కల్పనా స్వేచ్ఛ ఉంటుంది. అయినా మా మరదలు ఇంత బాగా రాస్తుందని నాకు తెలియదు. ఆవకాయ ఇంకా బాగా పెడుతుంది" అన్నారు. మళ్ళీ హాలంతా నవ్వు. పిన్నికి కూడా ఒక శాలువా కప్పి కిందికి పంపేశారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వచ్చిన వార్త చివరి వాక్యం: "రచయిత కుటుంబ సభ్యురాలు సరదాగా మాట్లాడి సభికులను అలరించారు." సరదాగా! ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాను, కోపం తగ్గుతుందేమోనని అనుమానం వచ్చినప్పుడల్లా తీసి చదువుకోవడానికి.

తిరుగు రైల్లో నేనూ రేపల్లె దాకా వెళ్ళాను. దారి పొడుగునా నేనే రుసరుసలాడాను. బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వేమూరు దాటాక, "నేను ఆ రోజు వసారాలోనే ఉన్నాను. లేచి లోపలికెళ్ళి చూళ్ళేదు" అన్నాడు. పిన్ని ఆయనకి సంచిలోంచి అరటిపండు తీసిచ్చి, "ఇప్పుడవన్నీ ఎందుకులెండి. మీ వదినగారికి ఇవాళ ఇంట్లో ఎలా గడుస్తుందో పాపం" అంది. నాకైతే బాబాయి మీద కూడా మండింది. పాతికేళ్ళు పట్టిందా ఆ మాట అనడానికి?

రెండేళ్ళ తర్వాత పెదనాన్నగారు ఒక్కరే రేపల్లె వచ్చారు. అప్పుడు నేను వేసవి సెలవులకి అక్కడే ఉన్నాను. మంచినీళ్ళు తాగి, కాసేపు ఎండల గురించి మాట్లాడి, "అమ్మాయ్, ఆ నోట్సు ఒకసారి ఇస్తావా?" అని అడిగారు. పిన్ని ఇచ్చింది. ఆయన వరండాలో కూర్చుని రెండో సన్నివేశం దగ్గర చాలాసేపు ఆగిపోయారు. నవల్లో అది సినిమా సన్నివేశం. అత్తగారు జ్వరంతో పడుకుని ఉంటే, చిన్నకోడలు తలనిండా పూలు పెట్టుకుని మ్యాట్నీకి వెళ్తుంది. తిరిగొచ్చాక పెద్దకొడుకు వెటకారంగా సినిమా ఎలా ఉందమ్మా అంటే, "ఏముంది, ఆఖరికేమవుతుందో మొదట్లోనే తెలిసిపోయింది" అని విసురుగా లోపలికి పోతుంది. పిల్లల్లేని మనిషికి మమకారం ఏం తెలుస్తుందని రచయిత అక్కడొక వాక్యం కూడా చేర్చాడు. నోట్సులో అనసూయ వెళ్ళింది లేడీ డాక్టరు దగ్గరికి. అప్పటికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోది. ఆస్పత్రికంటే వసారాలో నలుగురూ ఆరా తీస్తారు, సినిమా అంటే తిట్టుకుని వదిలేస్తారు. జ్వరంతో ఉన్న అత్తగారే లేచి కూర్చుని, "పూలు లేకుండా సినిమాకంటే ఎవరూ నమ్మరే" అంటూ జడలో పూలు తురుముతుంది. డాక్టరమ్మ చెయ్యి వేసి చూసి, ఇదీ నిలవదమ్మా అంటుంది. తర్వాత వసారాలో ఆ ప్రశ్న. తర్వాత ఆ జవాబు, అక్షరం మారకుండా.

పెదనాన్నగారు నోట్సు మూసి, "ఇది నిజమా?" అన్నారు.

"మీ నవల నిజమా బావగారూ?"

"నవల కదమ్మా..."

"ఇదీ అంతేనండి. లేవండి, కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తాను."

ఆయన భోంచేసి సాయంత్రం రైలుకి వెళ్ళిపోయారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. అందుకే నవల కొత్త ముద్రణ వచ్చినప్పుడు ఆశగా కొన్నాను. ఒక్క అక్షరం మారలేదు. పిల్లల్లేని మనిషి వాక్యం కూడా అలాగే ఉంది. ముందుమాటలో మాత్రం, స్త్రీ హృదయం లోతు ఎవరికి తెలుసు అని ఒక పేరా చేర్చారు. ఎవరికి తెలుసట! నోట్సులో చదివి వెళ్ళిన మనిషికి తెలియదా? ఆయన పోయినప్పుడు నేను వెళ్ళాను, ఏడ్చాను కూడా, నన్ను చిన్నప్పుడు ముద్దుచేసిన మనిషే. కానీ ఆ వాక్యం ఎందుకు కొట్టేయలేదో అడగకుండా పోనిచ్చానే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

బాబాయి పోయాక పిన్నిని బాపట్ల తెచ్చుకున్నాను. చివరి రెండేళ్ళూ మా ఇంట్లోనే ఉంది. నోట్సు అచ్చు వేయిద్దామని నేను పట్టుబట్టాను. చూస్తే, పద్నాలుగు మాటల్లో పదమూడింటికే సన్నివేశాలున్నాయి. చివరిది లేదు. నవల్లో ఆఖరి అధ్యాయం అది. చిన్నకోడలు వంటింట్లో నిలబడి, వసారాలో అందరికీ వినపడేలా, "నా పొయ్యి నాకు కావాలి, ఈ ఇంట్లో ఇంకొక్క పూట కూడా వండను" అంటుంది. ఇల్లు రెండైపోతుంది. నా వ్యాసం కూడా ఆ మాట దగ్గరే ముగిసింది. పిన్ని మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. కాగితాలు, కలం పట్టుకుని పక్కన కూర్చున్నాను. తను చెప్తే నేను రాస్తానన్నాను. ఆ మాట వెనక అసలేముందో, అత్తగారి కోసం అన్నదో, పెద్దమ్మని కాపాడటానికి అన్నదో, ఏ రహస్యం బయటపడుతుందోనని ఎదురుచూశాను.

"రాయడానికేం లేదే. ఆ సీను ఆయన సరిగ్గానే రాశాడు" అంది పిన్ని.

"అదేంటి పిన్నీ?"

"అదే. ఎవరికోసమూ అనలేదు. నాకోసమే అన్నా. ఎనిమిదేళ్ళు వండాను. ఆస్పత్రినుంచి వచ్చిన రోజు కూడా ఇరవై మందికి వండాను. ఆ రోజు విసుగొచ్చింది, కోపమొచ్చింది, అన్నాను. గట్టిగానే అన్నాను." నా వంక చూసింది. "అనసూయకి ఒక్కసారైనా కోపం రాకూడదా? అన్నిటికీ వెనకాల ఏదో ఒక మంచి కారణం ఉంటేనే మీరంతా దాన్ని క్షమిస్తారా?"

కలం మూత పెట్టేశాను. ఆవిడ చెప్పినట్టే ఆ పద్నాలుగో సన్నివేశానికి ఏమీ రాయకుండా, ఆ మాట ఒక్కటే పేజీ మధ్యలో పెట్టి పుస్తకం అచ్చు వేయించాను. పుస్తకాలు చేతికొచ్చిన పూట, తన ప్రతిని రెండు చేతులతో పట్టుకుని ఆ ఒక్క పేజీ తీసి చూసుకుంది. తర్వాత దాన్ని మూసి, ఆకలేస్తోంది, ఏం వండావే అని అడిగింది. అది జరిగిన నాలుగు నెలలకి పోయింది.

కాలం గడిచేకొద్దీ కోపాలు చల్లారిపోతాయని చాలామంది పెద్దలు నాకు నచ్చజెప్పారు. నాకు అరవై మూడొచ్చాయి. ఇంకా చల్లారలేదు. చల్లారనందువల్ల నాకు జరిగిన నష్టం కూడా ఏమీ కనపడటం లేదు.